గుండ్లకమ్మ చేరిన తీరము

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో పుట్టి పెరిగిన మన పిల్లలకు సముద్రము పటములోని నీలిరంగు మాత్రమే. వారు నల్లమల కొండల నెరుగుదురు. ఎండిన చెరువులను, లోతైన బావులను, వానకొరకు ఆకాశమువంక చూచు పెద్దలను ఎరుగుదురు. మార్కాపురమునుండి ఒంగోలు సుమారు 100 కిలోమీటర్లు. అచ్చటినుండి మరి కొంత ప్రయాణము చేసినచో బంగాళాఖాతపు తీరమును చేరవచ్చును. అయినను ఉన్నత పాఠశాల చదువు ముగించి పోవువారిలో సముద్రమును కన్నులార చూడనివారు ఏటేట కొందరు ఉందురు. దీనికి లేమి యొక కారణమే. కాని విహారయాత్ర యనగా కాలమును ధనమును వ్యర్థపుచ్చుట యని మనలో పాతుకొనిన యభిప్రాయము అంతకంటె పెద్ద కారణమని నా తలంపు. స్నేహితుల యింటికి అతిథులుగా పోయి, రెండు దినములు తీరమున గడపి వచ్చుట బడి గోడల నడుమ దొరకని చదువు అనియు, ఆ చదువునకు ముందుగా నేర్వవలసిన జాగ్రత్తలు కొన్ని కలవనియు చెప్పుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. ఈ మాట నాకు అనుభవమువలన తెలిసినది. అందులో నా పొరపాటును గూడ దాచక చెప్పెదను.

చీరాలలో నా చిరకాల స్నేహితుడొకడు కలడు. ఉపాధ్యాయ శిక్షణ పొందు కాలమున మేమిరువురము ఒకే గదిలో నుంటిమి. ఇరువది యేండ్లుగా "ఒకమారు మా యింటికి రావోయి" అని అతడును, "వచ్చెదను, వచ్చెదను" అని నేనును అనుకొనుచునే యుంటిమి. తుదకు గడచిన శీతకాలమున ఒక శనివారము తెల్లవారుజామున బయలుదేరితిమి. నేనును, నా సహోపాధ్యాయుడొకరును, పై తరగతి విద్యార్థులు ముగ్గురును, మొత్తమైదుగురము. పొదిలి, చీమకుర్తి మీదుగా బస్సులో ఒంగోలు చేరితిమి. చీమకుర్తి యొద్ద నల్లని రాతియందు వెండి చుక్కలు మెరయు గ్రానైటు దిమ్మలను చూచి ఒక విద్యార్థి, "మన సీమలో నీళ్లు తక్కువ, రాయి ఎక్కువ సార్" అనెను. పలకల యూరివాడు గదా! అందరము నవ్వితిమి.

ఒంగోలులో రైలెక్కి చీరాలకు పోవుచుండగా దారిలో ఒక నదిమీది వంతెన వచ్చినది. "ఇది యే నది?" అని పిల్లల నడిగితిని. ఒకడు కృష్ణ యనెను. వేరొకడు పెన్న యనెను. మూడవవాడు ఊరకుండెను. అది గుండ్లకమ్మ. నల్లమలలో పుట్టి, మన కంభము, మార్కాపురము ప్రాంతములమీదుగా ప్రవహించి, ఒంగోలునకు తూర్పున సముద్రమున గలియు మన యేరే అది. విజయనగర రాజుల కాలమున రెండు కొండల నడుమ కట్ట వేసి ఆ యేటిని నిలిపిరి. దానినే మనము కంభము చెరువందుము. రాజకుమారి వరదరాజమ్మ దానిని కట్టించెనని ప్రతీతి. 2020 లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దానిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముల పట్టికలో చేర్చిరి. ఇవి యన్నియు ఆ పిల్లలు చదివి యుండిరి. పరీక్షలో వ్రాసి మార్కులు గూడ తెచ్చుకొనిరి. కాని నది యెదుటికి వచ్చినప్పుడు గుర్తుపట్టలేకపోయిరి.

ఊరకుండిన బాలుని స్వగ్రామము కంభము చెరువు దాపుననే యున్నది. నేను పేరు చెప్పినంతనే వాడు లేచి కిటికీయొద్దకు పోయి, వంతెన కనుమరుగగువరకు ఆ నీటివంకనే చూచుచుండెను. తరువాత మెల్లగా, "మేము ఈత కొట్టే నీళ్లు ఇంత దూరం వస్తాయా సార్" అని యడిగెను. పదియేండ్లుగా భూగోళము బోధించుచున్నాను. నా పాఠమువలన ఏ విద్యార్థి ముఖమునను అట్టి మార్పు కలుగగా నేను చూడలేదు. యాత్రవలని ప్రయోజనమేమని యడుగువారికి నా మొదటి సమాధానము ఆ వంతెనయే.

చీరాలలో నా స్నేహితుని యింట మాకు జరిగిన యాదరణ వర్ణింపనక్కరలేదు. వారిది నేతపనివారి వీధి. పొరుగింట గుంటమగ్గముమీద నేయుచున్న పెద్దాయన మా పిల్లలను చెంత కూర్చుండబెట్టుకొని, పడుగు ఏది, పేక ఏది, కాలితో తొక్కునప్పుడు దారములెట్లు విడిపడును, నాడె వాని నడుమ ఎట్లు పరుగెత్తును అనునది ఓపికతో చూపెను. ఒక్క చీర దిగుటకు ఎన్ని దినములు పట్టునో, ఇంటిలో నెందరి చేతులు పడునో విని పిల్లలాశ్చర్యపడిరి. మధ్యాహ్నము నా స్నేహితుడు చీరాల–పేరాల కథ చెప్పెను. 1921 లో పురపాలక సంఘపు పన్నుల భారమును సహింపలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు తమ యిండ్లను విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు నివసించిరి. పాఠ్యపుస్తకములో ఒక పేరాగా నున్న యా కథను, అది జరిగిన యూరిలో, ఆ యూరివాని నోట వినుటలో గల భేదము విన్నవారికే తెలియును.

సాయంకాలము ఓడరేవునకు పోయితిమి. చీరాలకు కొలది దూరముననే యున్న మత్స్యకారుల పల్లె యది. నా స్నేహితునియొద్ద చదివిన యువకుని యిల్లచ్చట కలదు. ఆ రాత్రి భోజనము వారింటనే. ఇసుకమీద బారులు తీర్చిన పడవలు, ఎండుచున్న వలలు, వాని వెనుక సరుగుడు తోటలు దాటి ముందుకు పోగానే సముద్రము కనబడినది. పిల్లలు కొంతసేపు నోట మాటలేక నిలిచిరి. అటుపిమ్మట వారిని పట్టుట ఎవరి తరము?

ఇప్పుడు నా పొరపాటు చెప్పవలెను. ఆ యువకుని తండ్రి మాతో వచ్చి, ఎచ్చట దిగవచ్చునో, ఎచ్చట దిగరాదో చూపెను. కెరటములు తెల్లగా విరుగుచోట మోకాలిలోతువరకు పోవచ్చుననియు, వాని ప్రక్కనే నీరు నిశ్చలముగా, కొంచెము నల్లగా కనుపించు తావునకు పోరాదనియు చెప్పెను. మేము తల యూపితిమి. పిదప నేను సెల్‌ఫోను తీసి, సంధ్యాకాంతిలో వెలుగుచున్న మేఘములను చిత్రించుటలో మునిగిపోతిని. మా పిల్లలలో ఒకడు బావులలో ఈదుటయందు దిట్ట. మోటబావి గట్టుపైనుండి దూకి అడుగున మట్టి తెచ్చువాడు. వానికి కెరటముల యొద్ద కంటె నిశ్చలమైన నీరే క్షేమమని తోచినది. బావియందు నెమ్మదియైన నీరు క్షేమమే గదా! నేను తలయెత్తి చూచునప్పటికి వాడు ఒడ్డునకు చాల దూరమున నుండెను. ఒడ్డువైపునకే ఈదుచుండెను. కాని ఈదినకొలదియు లోనికే పోవుచుండెను.

తండ్రీకొడుకులిరువురును గాలినింపిన టైరు ట్యూబుతో నీటిలోనికి దుమికిరి. వారు నేరుగా పోలేదు. కొంచెము ప్రక్కకు పోయి, ఆ ప్రవాహములోనే ప్రవేశించి, క్షణములో వానిని చేరిరి. ట్యూబు పట్టించి, ఒడ్డు వెంబడి కొంత దూరము లాగికొనిపోయి, కెరటములు విరుగుచున్న చోటనుండి బయటికి తెచ్చిరి. అంతయు పది నిమిషములలోపల ముగిసినది. ఆ పది నిమిషములును నేను బాలుని తల్లికి ఏమని చెప్పుదునో యని తలచుచు నిలువున వణకుచుంటిని.

"అల లేని చోటే ఆపద అయ్యా. వచ్చిన నీళ్లు తిరిగి లోపలికి పోయే దారి అదే" అని యా పెద్దాయన చెప్పెను. దాని మర్మము మన పిల్లలందరును తెలిసికొనదగినది. కెరటములు తీరమునకు తెచ్చిన నీరు మరల సముద్రములోనికి పోవలెను. ఇసుకతిన్నెల నడుమ లోతైన సందు దొరకినచోట ఆ నీరు ఇరుకైన ప్రవాహమై లోనికి పరుగెత్తును. అచ్చట లోతెక్కువ గనుక కెరటము విరుగదు. అందుచే పైకి ప్రశాంతముగా కనబడును. ఆ ప్రవాహమునకు ఎదురీదినవాడు ఎంతటి యీతగాడైనను అలసిపోవును. దానిలో చిక్కుకొన్నవాడు బెదరక, తేలుచు, చేయి యెత్తి పిలువవలెను. శక్తి యున్నచో ఒడ్డునకు సమాంతరముగా ఈది, ప్రవాహమును దాటి, పిదప కెరటములతోపాటు తీరమును చేరవలెను. చూచువారు తాము గూడ వెంటనే దుమికి మునుగక, తేలెడి వస్తువునో త్రాటినో విసరి, తీరవాసులను పిలువవలెను. బావి యీతకును సముద్రపు టీతకును గల యీ భేదమును ఎరుగకయే మెట్టప్రాంతముల యువకులు ప్రతి సంవత్సరము తీరములయందు ప్రాణములు కోల్పోవుచున్నారు. వార్తాపత్రికలలో ఆ వార్తలను చదివి, "అయ్యో" యని పుట త్రిప్పుచున్నాము. ఆ నాలుగు మాటలు బడిలో ఎవరైన చెప్పియుండినచో వారిలో కొందరైన బ్రదికియుండెడివారు కారా?

ఆ రాత్రి నేను జేబులోనుండి కొంత ధనము తీసి ఆ పెద్దాయన చేతిలో పెట్టబోతిని. ఆయన చేయి వెనుకకు తీసికొనెను. ఆయన భార్య, "చుట్టాలుగా వచ్చినారు. చుట్టాల దగ్గర డబ్బు తీసుకుంటామా?" అనెను. ఆ మాటకు నాకు సిగ్గు కలిగినది. చేపల పులుసుతో అన్నము పెట్టి, నీట మునిగి వచ్చిన పిల్లవానికి దుప్పటి కప్పి పొయ్యి చెంత కూర్చుండబెట్టినది.

భోజనమైన పిమ్మట జరిగిన మాటలే మా యాత్రలోని శ్రేష్ఠమైన పాఠము. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే, మర పడవలు సముద్రముమీదికి పోరాదని ప్రభుత్వపు నిషేధము కలదు. ఆ 61 దినములు ఇల్లు గడచుట యెట్లో వారు చెప్పిరి. మన పిల్లలు వానలు లేని యేటి కష్టములను, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు వలసపోవు కుటుంబములను గూర్చి చెప్పిరి. ఎదుట అంతులేని నీరున్నవారికి ఏమి కొరత యని మనవారి తలంపు. కాని బావిలో ఊరు నీరు ఉప్పనగుటచే త్రాగునీరు కొని తెచ్చుకొందుమని ఆ తల్లి చెప్పినప్పుడు మా పిల్లలు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. మన నీటియందు ఫ్లోరైడు, వారి నీటియందు ఉప్పు. బిందె పట్టుకొని నిలుచుండు తల్లి రెండు చోట్లను ఒక్కతెయే. ఇంతలో ఆ యింటి చిన్న పాప తన పలక తెచ్చి మాకు చూపినది. "ఇది మీ ఊరి పలకే" అని తాత నవ్వెను. ప్లాస్టిక్కు పలకలు వచ్చిన పిదప మన రాతిపలకలకు గిరాకి తగ్గినది. అయినను కొండసీమలో మనవారు గనిలో తీసి చెక్కిన రాతిమీద సముద్రపు టొడ్డున ఒక పాప అక్షరములు దిద్దుచున్నది. ఆ దృశ్యమును మా పిల్లలు మరువజాలరు.

ఆదివారము నాడు వేటపాలెములో, 1918 లో స్థాపింపబడిన సారస్వత నికేతన గ్రంథాలయమును చూచి, అచ్చటినుండి మోటుపల్లికి పోయితిమి. ఇప్పుడది చిన్న పల్లె. కాకతీయుల నాడు మాత్రము దేశదేశముల ఓడలు వచ్చిన రేవు. పదమూడవ శతాబ్దము చివర మార్కోపోలో ఈ రాజ్యమును గూర్చి వ్రాయుచు, సాలెగూటివలె సన్నని వస్త్రములను, చక్కగా పాలించిన రాణిని ప్రశంసించెను. ఆ రాణి రుద్రమదేవి యని చరిత్రకారుల మతము. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244–45 లో ఇచ్చటి శిలాస్తంభముమీద చెక్కించిన శాసనమునకు అభయ శాసనమని పేరు. తుఫానులో చెడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు స్వాధీనము చేసికొనెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, ప్రాణములకు తెగించి సముద్రమున వచ్చు వర్తకులనుండి నియతమైన సుంకము తప్ప మరేమియు గొనబోనని ప్రకటించెను. ఆపదలో నున్నవానిని దోచుకొనరాదు, వానికి అభయమొసగవలెను అనునదే దాని సారము. ముందటి రాత్రి నీట మునిగి బయటపడిన పిల్లవాడు ఆ కథ విని, "ఓడరేవు తాత చేసిందీ అదే కదా సార్" అనెను. చరిత్రపాఠమునకు అంతకంటె మంచి వ్యాఖ్యానమును నేను చెప్పజాలను.

ఇక నా యభిప్రాయమును సంగ్రహముగా చెప్పెదను. మెట్టసీమ, తీరసీమ అని మనము రెండుగా తలచుచున్నాము. కాని ఒకే యేరు రెంటిని కలుపుచున్నది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు చుట్టుపట్లనుండి ఆకలితో వచ్చినవారు తీరము వెంబడి బకింగుహాము కాలువ త్రవ్విరి. అందు మూడున్నర మైళ్ల పనిని ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు గుత్తకు తీసికొని బీదలకు కూలి కల్పించిరి. 1970 లో కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా యేర్పడినది. 1972 లో దానికి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 2022 లో చీరాల బాపట్ల జిల్లాలో చేరినది. పాలనకొరకు గీయు హద్దులు ఇట్లు మారుచునే యుండును. ఇరుగుపొరుగు సీమల జనులు ఒకరి యిండ్లకొకరు పోయివచ్చుచుండిననే యా గీతలు మనస్సులలోనికి ఎక్కకుండును.

దీనికి తల్లిదండ్రులు మూడు ఆక్షేపణలు చెప్పుదురు. మొదటిది వ్యయము. బస్సు, రైలు చార్జీలు తప్ప మా కైన ఖర్చు స్వల్పము. స్నేహితుని యింట బస చేసినచో లాడ్జి ఖర్చు లేదు. అయినను అది గూడ భరింపలేని కుటుంబములున్నవి. వారి పిల్లలకొరకు పాఠశాలయు, పూర్వ విద్యార్థులును ఒక చిన్న నిధిని ఏర్పరుపవలెను. రెండవది పరీక్షల చదువు చెడుననుట. శనివారము, ఆదివారము దాటని యాత్రవలన చెడు చదువు, ఇంటనున్నను నిలుచునదేనా యని సందేహింపవలసియున్నది. మూడవది అపాయము. దీనిని నేను తేలికగా త్రోసివేయజాలను. దానిని కన్నులార చూచినవాడను. కాని అపాయమునకు భయపడి పిల్లలను ఇంట నుంచినచో, పెద్దవారై, స్నేహితులతో గుంపుగా, ఎవరికిని చెప్పక, ఏమియు తెలియక ఆ తీరమునకే పోవుదురు. తెలిసినవారి వెంట, తెలిసికొని పోవుటయే క్షేమము.

కావున విద్యార్థులారా, యాత్రకు పోవునప్పుడు ఈ కొలది నియమములను మనసున నుంచుకొనుడు. తుఫాను హెచ్చరిక యున్ననాడు పోరాదు. తీరవాసి వద్దన్నచోట కాలు పెట్టరాదు. పిల్లలు నీటిలో నుండగా పెద్దలు సెల్‌ఫోను ముట్టరాదు. ఈ నియమము ముఖ్యముగా నాకొరకు వ్రాసికొన్నది. వలలమీద నడువరాదు. ఒకరి యింటిని, ఒకరి పనిని అనుమతి లేక ఫొటో తీయరాదు. తిన్న కాగితములు, సీసాలు ఇసుకలో విడువరాదు. ఆతిథ్యమిచ్చిన యింటివారికి ధనము కాక, మన పొలమున పండినదేదైన తీసికొనిపోవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, వారిని మన యింటికి రమ్మని పిలువవలెను.

మేమును పిలిచితిమి. వేసవిలో, వేట నిషేధపు దినములలో, ఆ యువకుడును అతని తండ్రియు, చిన్న పాపయు మార్కాపురము వచ్చెదమని మాట యిచ్చిరి. చెన్నకేశవస్వామి యాలయమును, పలకల గనులను, కంభము చెరువును వారికి చూపవలెనని మా పిల్లలు ఇప్పటినుండియే పట్టిక వ్రాసికొనుచున్నారు. ఆ బావియీత దిట్ట మాత్రము పట్టికలో ఒకే మాట వ్రాసెను. తాతను తన ఊరి మోటబావికి తీసికొనిపోయి, అందు ఎచ్చట దిగవచ్చునో, ఎచ్చట దిగరాదో తానే చూపునట.